ముట్టు లేని మూడు రోజులు

ఆ వైశాఖంలో ఒక మంగళవారం పొద్దున్నే బొడ్డమ్మ తన చాపా, చెంబూ తీసుకుని పెరటి వసారా చివరికి వెళ్ళి కూర్చుంది. బొడ్డమ్మ బయట చేరిందని ఇంట్లో వాళ్ళకి అర్థమైంది. మూడు రోజులు వంటింట్లోకి రాదు, నూతి దగ్గరికి వెళ్ళదు, ఎవరినీ ముట్టుకోదు. నాలుగోనాడు తలస్నానం చేసి లోపలికొస్తుంది. ముప్ఫై ఏళ్ళుగా నెలనెలా జరుగుతున్నదే కాబట్టి ఎవరూ రెండోసారి అటు చూడలేదు.

కానీ ఆ రోజు బొడ్డమ్మకి ముట్టు రాలేదు. అంతకు ముందు రెండు నెలలూ రాలేదు.

నౌపడ నుంచి పర్లాకిమిడికి చిన్నరైలు పడి పదేళ్ళు దాటిన రోజులవి. వజ్రపుకొత్తూరు దాటి సముద్రం వైపు వెళ్ళే ఇసుక దారిలో ఒక ఊరు. ఆ ఊళ్ళో తవిటయ్యది కొబ్బరితోట, నాలుగు జీడిమామిడి చెట్లు, ఇంటి వెనక రెండు పనసలు, వర్షాధారపు వరి మడులు. బొడ్డమ్మకి తవిటయ్య మేనత్త కొడుకు. పన్నెండో ఏట అతనితోనే పెళ్ళయి, పదిహేనో ఏట కాపురానికొచ్చింది. ఇప్పుడు నలభై అయిదో నలభై ఆరో. కడుపున పుట్టిన ఇద్దరు మగపిల్లలూ నెలల పసిగుడ్లుగానే పోయారు. తరవాత పుట్టిన గౌరి మాత్రం నిలిచింది. దాన్ని టెక్కలి దగ్గర ఒక రైతు ఇంటికి ఇచ్చారు.

ఆ ఇంట్లో మూడో మనిషి రత్నాలమ్మ, తవిటయ్యకి అక్క. ఇరవయ్యో ఏట మొగుడు పోతే పుట్టింటికి తిరిగొచ్చింది. చెడ్డ మనిషి కాదు. గౌరికి నడక నేర్పిందీ, జ్వరాలొచ్చినప్పుడు ఒళ్ళో పెట్టుకుని కూర్చుందీ ఆవిడే. కానీ తమ్ముడికి కొడుకు లేడన్న దిగులు ఆవిడ మనసులోంచి ఒక్క రోజూ పోలేదు. వరి దంచుతున్నా, దూడకి గడ్డి వేస్తున్నా ఆ మాట వచ్చేసేది.

"ముట్టున్నన్నాల్లూ ఆశుంటాది బొడ్డా. అదొక్కటీ ఆగిపోతే మాత్రం మా తమ్ముడి దారి ఆడు సూసుకోవాల. ఇంట్లో ఒక మొగగుంటడు ఉండొద్దేటి?"

ఆ మాటకి అర్థం బొడ్డమ్మకి బాగా తెలుసు. పక్క ఊళ్ళో ఆవిడ పినతల్లి కూతురికి ముట్లు ఉడిగిన ఏడాదిలోపే మొగుడు పదిహేనేళ్ళ పిల్లని తెచ్చుకున్నాడు. ఆ పినతల్లి కూతురు ఇప్పుడు పశువుల శాల పక్కన ఒక పక్కగా వండుకుంటోంది. ఒకసారి చూడబోతే, "బాగానే ఉన్నాను, తిండికి లోటు లేదు" అంది గాని తలెత్తి చూడలేదు.

అందుకని ఫాల్గుణంలో మొదటిసారి ముట్టు తప్పినప్పుడు బొడ్డమ్మ ఎవరికీ చెప్పలేదు. కడుపేమోనన్న ఆశ ఒకటి. కూతురికి పెళ్ళయ్యాక తల్లి కడుపుతో ఉంటే నలుగురూ నవ్వుతారన్న సిగ్గు ఇంకొకటి. చైత్రంలోనూ రాలేదు. ఈలోగా ఒళ్ళంతా ఉన్నట్టుండి సెగలు. పొయ్యి దగ్గర లేకపోయినా రొమ్ము మీదనుంచి మెడ మీదికి మంట పాకేది, రవికె తడిసిపోయేది, కాసేపటికి అదే ఒళ్ళు చలికి వణికేది. నిద్ర లేదు. ఊరికే కళ్ళనీళ్ళొచ్చేవి. గౌరి కడుపులో ఉన్నప్పుడు ఇలాంటివేవీ లేవు. ఇది కడుపు కాదని, ఆగిపోవడమని ఆవిడకి మెల్లగా తెలిసొచ్చింది.

అబద్ధమాడాలని అనుకోలేదు. ఆ మంగళవారం పొద్దున రత్నాలమ్మ చీపురు పట్టుకుని వాకిట్లో నిలబడి అడిగింది.

"ఏటే బొడ్డా, నువు బయటుండి రెండు నెల్లు దాటిపోనాది కాదేటి?"

"ఇయాలే వొదినా. ఇప్పుడే సూసుకున్నాను" అనేసింది బొడ్డమ్మ.

నోటినుంచి మాట జారాక చాప తీసుకుని వెళ్ళక తప్పలేదు.

ఆ మూడు రోజులూ ఆవిడ కొబ్బరాకు చీపుళ్ళు కడుతూ ఆలోచించింది. తాను శుభ్రంగా ఉండి మైల అంటోంది గాని, మైలతో ఉండి శుభ్రమనలేదు కదా, దేవుడికి కోపం ఎందుకొస్తుందని తనకి తానే సర్దిచెప్పుకుంది. అయినా బట్టలు ఉతికి కంచె మీద ఆరెయ్యాలి. రత్నాలమ్మ కళ్ళు అన్నీ చూస్తాయి. పెరట్లో జీడిమామిడి పళ్ళు రాలి ఉన్నాయి. ఆ రసం బట్టకి అంటితే ఎంత ఉతికినా గోధుమరంగు మరక పోదు. బొడ్డమ్మ రెండు పళ్ళు ఏరుకొచ్చి పాత చీరపేలికల మీద పిండింది. ఎవరైనా చూస్తారేమోనని మూడుసార్లు వెనక్కి తిరిగింది.

అలా ఒక నెల గడిచింది. రెండో నెల అమావాస్య లెక్కపెట్టుకుని మళ్ళీ కూర్చుంది. మూడో నెల కూడా. ఒకసారి మొదలుపెట్టాక ఆపడానికి వీల్లేకుండా పోయింది. తేదీ ఒక రోజు అటూ ఇటూ చేసేది, నమ్మేట్టుండాలని. ఎప్పుడైనా లెక్క మరిచిపోతే వేళ్ళ మీద మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టుకునేది.

తవిటయ్యతో కాపురం సంగతి వేరు. వాళ్ళిద్దరూ చిన్నప్పటినుంచీ ఎరిగిన వాళ్ళు. మధ్యాహ్నం బొడ్డమ్మ తోటకి అంబలి తీసుకెళితే ఇద్దరూ కొబ్బరి మట్టల నీడలో పక్కపక్కనే కూర్చుని తాగేవాళ్ళు. తవిటయ్య ఎవరినైనా అనుకరించి చూపిస్తే బొడ్డమ్మ నవ్వు పక్క తోట దాకా వినిపించేది. ఇద్దరు బిడ్డలు పోయినప్పుడు ఒకరినొకరు పట్టుకునే బతికారు. పడక దగ్గరా అంతే. ఆవిడ ఏనాడూ అతన్ని తప్పించుకోవాలనుకోలేదు. అతను పిలవకముందే తానే దగ్గరికి జరిగిన రోజులూ ఉన్నాయి.

ఇప్పుడు దగ్గరికొస్తే నొప్పి. మొదట్లో పంటి బిగువున ఓర్చుకుంది. ఆగిపోతుందనుకుంది. ఆగలేదు. తడి లేని చోట గీసుకుపోయినట్టు మంట, మర్నాడు ఒంటేలుకి వెళ్ళినా మంటే. మొగుడితో ఏమని చెప్తుంది? నొప్పి అంటే ఎందుకంటాడు. ఎందుకో చెబితే ముట్టు సంగతి బయటికొస్తుంది. తాను ఎండిపోయిందని తానే ఒప్పుకున్నట్టవుతుంది.

అందుకని ఆ చాపే ఆవిడకి దారి చూపించింది. మూడు రోజులు నాలుగయ్యాయి. నాలుగు అయిదయ్యాయి. "ఈమజ్జి ఎక్కువ పోతన్నాది వొదినా" అని చెప్పి, నెల తిరక్కుండానే ఇంకోసారి కూర్చునేది. బయట ఉన్నన్నాళ్ళూ ఒంటికి హాయిగా ఉండేది. మనసులో మాత్రం అంతకంతకీ భయం పెరిగేది. అక్కణ్ణుంచి తవిటయ్య తోటకి వెళ్ళడం, రావడం కనిపించేది. మొదట్లో వెళ్తూ వెళ్తూ ఆగి ఏదో ఒక మాట అనేవాడు. తరవాత తల తిప్పి చూసేవాడు. తరవాత అదీ మానేశాడు. కాయలు దొంగలెత్తుకుపోతున్నారని చెప్పి తోటలో పాక వేసుకుని అక్కడే పడుకోవడం మొదలుపెట్టాడు. ఆ ఏడు ఒక్క కాయ పోలేదని బొడ్డమ్మకి తెలుసు.

రెండో ఏడు ఆశ్వయుజంలో వానలు తగ్గాక రత్నాలమ్మ తమ్ముడికి కొత్త కండువా తీసిచ్చింది.

"ఇచ్చాపురం ఎల్లొత్తాడు" అంది బొడ్డమ్మతో, మొహం పక్కకి పెట్టుకుని. "అక్కడ మనోల్లున్నారు గదా. ఓపాలి సూసొత్తాడు."

ఇచ్ఛాపురంలో రత్నాలమ్మ అత్తింటి వైపు చుట్టాలున్నారు. వాళ్ళింట్లో పెళ్ళికెదిగిన పిల్ల ఉందనీ, తండ్రి లేడనీ, ఎవరికిచ్చినా ఇచ్చేస్తారనీ ఒకటి రెండుసార్లు ఆవిడ నోట వచ్చింది. బొడ్డమ్మ అటుకులు, బెల్లం మూటగట్టి ఇచ్చింది. తవిటయ్య ఆ మూట తీసుకుంటూ ఆవిడ మొహం వైపు ఒక్క క్షణం చూశాడు. ఏదైనా అంటుందేమోనని ఆగినట్టు ఆగాడు. బొడ్డమ్మ పొయ్యి వైపు తిరిగింది. అతను పలాస వెళ్ళే బండెక్కాడు, రైలందుకోవడానికి.

అతను తిరిగొచ్చేదాకా మూడు రోజులూ బొడ్డమ్మ అన్నం తిన్నది లేదు. ఏ బండి గంటలు వినపడినా కంచె దగ్గరికి పరిగెత్తేది. పక్క ఊరి పినతల్లి కూతురి మొహమే కళ్ళ ముందుండేది. పశువుల శాల వైపు వెళ్ళి, అక్కడ పొయ్యి ఎక్కడ పెట్టుకోవచ్చో కూడా చూసుకుంది. తరవాత సిగ్గేసి గబగబా వచ్చేసింది.

తవిటయ్య వచ్చాడు. కాళ్ళు కడుక్కున్నాడు. అన్నం తిన్నాడు. అక్క అడిగితే, "సూద్దాం అప్పా" అన్నాడు. అంతే. మళ్ళీ తోటకి వెళ్ళిపోయాడు.

కార్తీకంలో గౌరి పురిటికొచ్చింది. తొలిచూలు. పొట్టా, పాదాల వాపూ చూసి బొడ్డమ్మ తన గొడవలన్నీ మరిచిపోయి కూతురి వెనకే తిరిగింది. ఊరి మంత్రసాని కాసులమ్మ వచ్చి పొట్ట తడిమి, ఇంకా పది పన్నెండు రోజులుందని చెప్పింది. బొడ్డమ్మ ఈ నెల చాప జోలికి పోకూడదనుకుంది. కానీ రత్నాలమ్మ లెక్క రత్నాలమ్మది.

"రేపో ఎల్లుండో నీ రోజులు కాదేటే? బేగి అయిపోతే మంచిదే. పురిటి ఏలకి తలంటుకుని శుబ్బరంగా ఉంటావు."

ఆ మాటా నిజమే. ఇప్పుడు కూర్చుంటే పురిటికి అడ్డం రాదు. పది రోజులుంది కదా అనుకుని బొడ్డమ్మ మర్నాడే బయట కూర్చుంది.

రెండో రోజు పొద్దెక్కకముందే గౌరికి నొప్పులొచ్చాయి.

పురిటి గది పెరటి వైపే. దానికీ వసారాకీ మధ్య ఒక్క తడిక. గౌరి మూలుగు మొదలైనప్పటినుంచీ బొడ్డమ్మకి అన్నీ వినిపిస్తున్నాయి. కాసులమ్మ వచ్చింది. వేన్నీళ్ళు కాగుతున్నాయి. ఎండ నడినెత్తికొచ్చింది, బిడ్డ మాత్రం రాలేదు. గౌరి భయపడిపోయింది. కాసులమ్మ చెయ్యి వేస్తే తోసేస్తోంది, కూర్చోమంటే కూర్చోదు, గోడ వైపు తిరిగి "అమా, అమా" అంటూ ఒక్కటే పిలుపు. బొడ్డమ్మ తడిక పట్టుకుని నిలబడి, "ఇక్కడే ఉన్నాను తల్లీ, ఇక్కడే ఉన్నాను" అంటోంది. ఆ మాట గౌరికి వినిపిస్తోందో లేదో తెలీదు.

కాసులమ్మ గుమ్మంలోకొచ్చి చెమట తుడుచుకుంది.

"రత్నాలమ్మా, ఇలగైతే కట్టం. బిడ్డ దిగే ఉన్నాది. ఇది బయానికి బిగబట్టేసుకున్నాది. ఎవులైనా ఎనకనించి పట్టుకోవాల. నీ మాటా ఇంటం లేదు, నా మాటా ఇంటం లేదు."

తవిటయ్య పెరట్లో పనస మొదట్లో నిలబడి ఉన్నాడు. మొహం మసిబారినట్టుంది.

బొడ్డమ్మ వసారా దిగింది. మైలలో ఉన్న మనిషి వస్తోందని చూసి రత్నాలమ్మ గుమ్మానికి అడ్డంగా రెండు చేతులూ చాపింది.

"ఎక్కడికే? ముట్టుతో పురిటింట్లోకి ఎల్తావేటి? పసిగుడ్డు బతకాలనున్నాదా లేదా నీకు?"

"నాకు ముట్టు లేదు వొదినా."

"ఏటన్నావు?"

"లేదు. ఏణ్ణర్దం దాటినాది. నెలనెలా అబద్దమే సెప్పినాను. తప్పుకో."

రత్నాలమ్మ చేతులు అలాగే ఉండిపోయాయి. బొడ్డమ్మ మొగుడి వైపు చూడలేదు. చూస్తే అడుగు పడదని ఆవిడకి తెలుసు. లోపల్నించి కాసులమ్మ గొంతే వినిపించింది.

"లేకపోతే లేదు. సేతులు కడుక్కుని బేగి రాయే!"

బొడ్డమ్మ రత్నాలమ్మ చెయ్యి కిందనుంచి వంగి లోపలికి వెళ్ళింది. కూతురి వెనక కూర్చుని, దాని వీపు తన రొమ్ముకి ఆనించుకుని, రెండు చేతులూ పట్టుకుంది. గౌరి తల్లి చెయ్యి కొరికేసింది. అయినా మాట విన్నది. ఇంకో గంటకి ఆడపిల్ల పుట్టింది, పెద్ద ఏడుపుతో.

బొడ్డమ్మ గుమ్మంలోకి వచ్చేసరికి పనస చెట్టు దగ్గర తవిటయ్య లేడు.

తరవాతి రోజులు బొడ్డమ్మకి అంతకు ముందు ఏణ్ణర్ధం కన్నా పెద్దవిగా గడిచాయి. రత్నాలమ్మ ఆవిడతో మాట్లాడడం మానేసింది. ఏదైనా కావాలంటే గోడకి చెప్పినట్టు చెప్పేది. తవిటయ్య మనవరాలిని చూడడానికి వచ్చేవాడు. గుమ్మం బయటనుంచే చూసి వెళ్ళిపోయేవాడు. భోజనం తోటకే పంపమనేవాడు. ఇచ్ఛాపురం కబురు ఇవాళ పంపుతాడా, రేపు పంపుతాడా అని బొడ్డమ్మ ఎదురుచూసింది. ఇంక దాచడానికేమీ లేదు. ముట్టు లేదని ఊరంతా తెలిసిపోయింది. పైగా అబద్ధాలకోరన్న పేరు కూడా.

కాసులమ్మ రోజూ వచ్చి తల్లికీ బిడ్డకీ నూనె రాసి నీళ్ళుపోసేది. ఒకనాడు గౌరి పడుకున్నాక, బొడ్డమ్మ ఒక్కతే పొయ్యి దగ్గర ఉన్నప్పుడు, వచ్చి పక్కన కూలబడింది.

"ఒలే, ఇందులో దాసుకోడానికేటున్నాదే? నాకాగి పదేల్లయినాది. సచ్చిపోనానా?"

బొడ్డమ్మ పొయ్యిలో పుల్ల ఎగదోసింది.

"మొగుడితో పడుకుంటే నొప్పి పుడతన్నాదా?"

బొడ్డమ్మ తల వంచుకునే ఊపింది. ఆ ప్రశ్న ఒకరు అడగడమే చాలు, కళ్ళు నిండిపోయాయి.

"పుడతాది. లోపల తడి ఆరిపోతాది గదా. నీ ఒక్కర్తికీ కాదు. నా దగ్గిరికొచ్చి ఏడిసినోల్లు ఈ సుట్టుపక్కల ఎంతమందున్నారో నీకు తెల్దు. కొబ్బరిపాలు కాసి నూనె తియ్యి, కమ్మటిది. అది రాసుకో. గబగబా కుదరదని ఆడికి సెప్పు. నిదానంగా ఉండాల. ఒద్దనిపించిన రోజు ఒద్దను. కావాలనిపిత్తే నువ్వే పిలువు."

"నాను పిలవడమా?"

"ఏం, నీకు నోరు లేదేటి? ముందు పిలిసీదానివి కాదేటి?"

బొడ్డమ్మకి ఏడుపులోనే నవ్వొచ్చింది. కాసులమ్మ లేచి చీర దులుపుకుంది.

"ఇంకో మాట. ఇన్నాల్లు ఆగిపోయినాక మల్లీ ఎప్పుడైనా రగతం కనిపిత్తే మాత్రం దాసకు, నాకు సెప్పు. అది మంచిది కాదు. ముందు ఎల్లి నీ మొగుడితో మాటాడు. నువు సెప్పకపోతే ఆడికెవులు సెప్తారు?"

చెప్పడం అంత తేలిక కాలేదు. మూడు రోజులు బొడ్డమ్మ అంబలి కుండ సిద్ధం చేసుకుని, చివరికి వేరే మనిషి చేత పంపించింది. నాలుగో రోజు మధ్యాహ్నం తానే నెత్తినెట్టుకుని తోటకి వెళ్ళింది. దారి పొడుగునా ఏం చెప్పాలో అనుకుంటూనే వెళ్ళింది. తోట గట్టెక్కేసరికి ఒక్క మాటా గుర్తులేదు.

తవిటయ్య నేలలో పాతిన గునపం మీద కాయలు వలుస్తున్నాడు. ఆవిడని చూశాడు. చేతిలో కాయ ఆపలేదు.

"అంబలి తెచ్చినాను బావా."

"అక్కడెట్టు."

బొడ్డమ్మ కుండ దించి నిలబడింది. రెండు కాయలు వలిచాక అతను అన్నాడు.

"ఏణ్ణర్దం. నెలనెలా. నా ఎదురుగుండా ఆ చాప మీద కూకుని."

"బయమేసినాది."

"నానంటేనా?"

"నువు ఇంకో పిల్లని తెచ్చుకుంటావని. నాకింక పిల్లల్రారని తెలిత్తే..." ఆవిడ ఆగిపోయింది. తరవాత అడగలేక అడగలేక అడిగింది. "ఇచ్చాపురంలో సూసినావా?"

తవిటయ్య కాయ కింద పెట్టాడు.

"సూసినాను. మన గౌరి కన్నా చిన్నది. మంచినీల్లు తెచ్చినాది. సేతులు ఒణికిపోయి సగం నీల్లు నా కాల్ల మీదే పోసినాది."

"మరేటన్నావు?"

"ఏటీ అన్లేదు. ఆలోసించి కబురెడతానన్నాను."

"ఆలోసించినావా?"

"రోజూ ఆలోసించినాను" అన్నాడు తవిటయ్య. అబద్ధం చెప్పొచ్చు, చెప్పలేదు. "కొడుకు కోసరం కాదు. మన గుంటలిద్దరూ పోయినప్పుడే నాకా ఆశ సచ్చిపోనాది. నువు నన్ను సూసి దూరం జరుగుతుంటే ఏటనుకోవాల? ఒకటి రెండు పాల్లు నాకే సేతకాలేదు గదా. ఈడు ముసిలోడైపోనాడని నీకు ఏవగింపు పుట్టినాదనుకున్నాను. నాను దగ్గిరికొత్తే నువ్వు కల్లు గట్టిగా మూసుకునీదానివి. సూసినాను నాను."

ఆ ఒకటి రెండు సార్లూ తన ఒళ్ళు ఎండిపోయినందుకే అతనికి మనసు విరిగిందనుకుంది ఆవిడ.

"నొప్పికి మూసుకున్నాను బావా."

"నొప్పేటి?"

ఆవిడ చెప్పింది. మట్టల వైపు చూస్తూ, తడబడుతూ, సగం మాటలు మింగేస్తూ, కాసులమ్మ తనకి చెప్పినదంతా చెప్పింది. సెగల సంగతి, నిద్ర లేకపోవడం, జీడిమామిడి రసం మరకలు, అన్నీ. తవిటయ్య వింటూ వింటూ కూర్చుండిపోయాడు.

"అన్నాల్లూ నొప్పేనా?"

"ఊఁ."

"నాను నొప్పెట్టిత్తన్నానని నాకు తెల్దే" అన్నాడు. ఆ మాట రెండుసార్లన్నాడు. మొహం పక్కకి తిప్పుకుని, పీచంటిన చేత్తోనే కళ్ళు తుడుచుకున్నాడు. పీచు కంట్లో పడి ఎర్రబడింది. బొడ్డమ్మ కొంగు తడిపి తుడవబోయి, తుడవొచ్చో లేదోనని ఆగింది. అతను మొహం ముందుకు పెట్టాడు. ఆవిడ తుడిచింది.

"మరిప్పుడేటి సేద్దాం?" అన్నాడు.

"నాకూ తెల్దు."

ఇద్దరూ అంబలి తాగారు. ఆవిడ లేచి వెళ్తుంటే, "ఇచ్చాపురానికి కబురెడతాను, ఒద్దని" అన్నాడు వెనకనుంచి. ఆ వారం కాశీబుగ్గ సంతకెళ్ళినప్పుడు, అక్కణ్ణుంచి ఇచ్ఛాపురం వైపు కొబ్బరికాయలు తీసుకెళ్ళే దానయ్య చేత ఆ కబురు పంపించాడు. దానయ్య తిరిగొచ్చి, చెప్పానని చెప్పేదాకా బొడ్డమ్మకి నమ్మకం కుదరలేదు.

తవిటయ్య తోటలో పాక విప్పేసి ఇంటికొచ్చేశాడు. వచ్చినంత మాత్రాన అన్నీ సర్దుకోలేదు. మొదటి నెల రోజులూ ఇద్దరూ కొత్తవాళ్ళలా మంచానికి చెరో అంచునా పడుకునేవాళ్ళు. చెయ్యి తగిలితే అతనే ఉలిక్కిపడి తీసేసేవాడు, ఎక్కడ నొప్పెడుతుందోనని. అతను అలా తీసేస్తే, ఇంకా కోపం పోలేదేమో, మనసు ఇచ్ఛాపురంలోనే ఉందేమో అని బొడ్డమ్మ మళ్ళీ భయపడేది. ఒకసారి ఆ భయం పైకి చెప్పేసింది. అతను తెల్లబోయి, తన భయం తానూ చెప్పాడు. అప్పటినుంచి చెయ్యి తీసెయ్యడం మానేశాడు. ఆవిడకి సెగలొచ్చినప్పుడు తాటాకు విసనకర్రతో విసిరేవాడు. విసురుతూ విసురుతూ తానే నిద్రపోయేవాడు. కొన్నాళ్ళు అలా పక్కపక్కన పడుకుని మాట్లాడుకోవడమే సరిపోయింది. బొడ్డమ్మ కొబ్బరిపాలు కాచి నూనె తీసి చిన్న ముంతలో పెట్టుకుంది. మాఘమాసంలో ఒక మధ్యాహ్నం, గౌరి బిడ్డనెత్తుకుని అత్తింటికి వెళ్ళిపోయాక, రత్నాలమ్మ కూడా దాన్ని దిగబెట్టడానికి టెక్కలి వెళ్ళినప్పుడు, బొడ్డమ్మే మొగుణ్ణి పిలిచింది. మొదటిసారి మధ్యలోనే ఆగిపోవలసి వచ్చింది. ఆవిడ "ఇంక ఒద్దు బావా" అంది. అతను ఆగిపోయాడు. అంతే, ఏమీ అవలేదు. ఆ మాట అంటే ఏదో అయిపోతుందని ఏణ్ణర్ధం వణికిన మనిషి అలా చాలాసేపు పడుకునే ఉండిపోయింది.

తరవాత తరవాత బాగానే ఉంది. ఎప్పుడూ కాదు, మునుపటిలా కాదు.

రత్నాలమ్మ మాత్రం టెక్కలినుంచి వచ్చాక కూడా ముభావంగానే ఉంది. ఇచ్ఛాపురం సంబంధం తప్పిపోయినందుకు కోపమనే బొడ్డమ్మ అనుకుంది. ఒకనాడు ఇద్దరూ పెరట్లో కూర్చుని, చేతులకి నూనె రాసుకుని, లేత పనసకాయ కొడుతున్నారు. రత్నాలమ్మ తలెత్తకుండానే అంది.

"నాకాగినప్పుడు ముప్పై తొమ్మిదేల్లు."

బొడ్డమ్మ కత్తి ఆపింది.

"ఎవులికి సెప్పాల? మొగుడు లేని దానికి ముట్టుంటే ఏటి, పోతే ఏటి? ఎవులూ అడగనేదు."

"నీకు సెగలొచ్చీవా వొదినా?"

"రాకేటి? తెల్లారకుండా నూతి కాడ కూకుని నెత్తి మీద నీల్లోసుకునీదాన్ని. మడికోసం తానం సేత్తన్నాననుకునీవోరు మీరందరూ."

బొడ్డమ్మకి ఆ రోజులు గుర్తున్నాయి. తెల్లవారుజామున నీళ్ళ చప్పుడు వినిపిస్తే, వదినకి భక్తి ఎక్కువని తవిటయ్యతో అన్నది తానే. ఆవిడ రత్నాలమ్మ వైపు జరిగింది. ఏమనాలో తెలీక, ఆవిడ చేతిలోని పనసముక్క తీసుకుని తానే కొట్టడం మొదలుపెట్టింది. రత్నాలమ్మ తీసుకోనిచ్చింది. ఆ రోజునుంచి గోడకి చెప్పినట్టు చెప్పడం మానేసింది.

బొడ్డమ్మ, తవిటయ్య ఆ తరవాత ఇంకా పద్నాలుగేళ్ళు కలిసి బతికారు. కొడుకు లేడన్న మాట అప్పుడప్పుడు ఎవరో ఒకరు అంటూనే ఉన్నారు. తోట గౌరి మొగుడు చూసుకున్నాడు. తవిటయ్యకి మాత్రం ఒక అలవాటు పట్టుకుంది. పడక దగ్గరే కాదు, బొడ్డమ్మ బండెక్కుతున్నా, కాలికి ముల్లు తీసుకుంటున్నా, నడుం పట్టి లేస్తున్నా, "నొప్పా?" అని అడిగేవాడు. అడిగి అడిగి ఆవిడని విసిగించేవాడు.

"నొప్పుంటే నానే సెప్తాను గదా బావా" అని కసిరేది బొడ్డమ్మ. చెప్పేది కూడా.